దోమల లెక్క వార్డు గోడ మీద పెట్టండి

సాయంత్రం ఫాగింగ్ యంత్రం వీధిలోకి రాగానే పిల్లలు దాని వెంట పరుగులు తీస్తారు, పెద్దలు తలుపులు వేసుకుంటారు. వీధిలో కమ్ముకున్న పొగ కాసేపటికి వీధిలోనే చెదిరిపోతుంది. డెంగీని మోసే ఈడిస్ దోమ ఆ వేళకు మంచం కిందో, కొక్కేనికి తగిలించిన చొక్కా మడతలోనో చేరి ఉంటుంది. విజయవాడకు ఏ వానాకాలమైనా ఇదే దృశ్యం. ఎన్ని వీధుల్లో పొగ కొట్టారన్నది మనకు వినబడుతుంది. మన వార్డులో ఎన్ని తొట్లలో దోమ పిల్లలు ఉన్నాయన్నది వినబడదు. ఆ రెండో లెక్క కోసమే మా ఈ విన్నపం.

దోమను లెక్కపెట్టడం మనకు నేర్పినవారు రొనాల్డ్ రాస్. ఆ సైనిక వైద్యుడు ఏళ్ల తరబడి దోమలను ఒక్కొక్కటిగా కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించారు. రోగిని కుట్టనిచ్చి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చెల్లించారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, మచ్చల రెక్కల దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవి ఆయన కంటబడింది. 1902లో నోబెల్ వచ్చింది. బడి పాఠం ఇక్కడితో ఆగిపోతుంది.

రాస్ మాత్రం ఆగలేదు. తర్వాతి ఏళ్లలో ఆయన గణితం పట్టుకున్నారు. మలేరియా పోవాలంటే ఊళ్లో ఒక్క దోమా మిగలకూడదని లేదు, వాటి సంఖ్య ఒక హద్దు కిందికి దిగితే చాలు, జబ్బు దానంతట అదే తగ్గుముఖం పడుతుందని సూత్రాలతో నిరూపించారు. కనిపెట్టిన పరాన్నజీవి కంటే ఈ మాటే మన నగరానికి ఎక్కువ అవసరమని మా అభిప్రాయం. డెంగీ విషయంలోనూ తర్కం ఇదే. హద్దు దాటామో లేదో తెలియాలంటే లెక్క ఉండాలి కదా!

బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ పారే ఊరికి దోమలు తప్పవని మన పెద్దలు నిట్టూరుస్తారు. నిజమే, మురుగు నిలిచిన చోట క్యూలెక్స్ దోమ పెరుగుతుంది. ఈడిస్ పుట్టిల్లు మాత్రం మన ఇల్లే. మొగల్రాజపురం, గుణదల కొండవాలు ఇళ్ల ముందు పట్టి ఉంచిన డ్రమ్ము మూత తీసి టార్చి వేసి చూడండి. నీటి పైపొరకు తలకిందులుగా వేలాడుతున్న సన్నటి పురుగులు మన నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకు దిగిపోతాయి. వారం, పది రోజుల్లో అవన్నీ రెక్కలు తొడుగుతాయి. నీళ్లు పారబోసినంత మాత్రాన పని పూర్తి కాదు. నీటి అంచున గోడకు అంటుకున్న నల్లటి గుడ్లు నెలల తరబడి ఎండినా చావవు, మళ్లీ తడి తగలగానే పగులుతాయి. అందుకే డ్రమ్మును పీచుతో గట్టిగా తోమాలి. ఆటోనగర్‌లో ఆరుబయట పడి ఉన్న పాత టైర్ల లోపలి వంపుల్లోనైతే తోమే వీలు కూడా ఉండదు, వాటిని పైకప్పు కిందికి చేర్చవలసిందే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు జనం రోజుల తరబడి నీళ్ల మధ్య గడిపారు. వరద తీశాక పెరట్లో మిగిలే పగిలిన కుండ, బోర్లించని బకెట్టు వంటివే ఈడిస్‌కు కావలసినవి. ఆ కష్టం చూసిన నగరం ఇంకా వాన వచ్చాకే మేలుకోవడం మాకు బాధ కలిగిస్తోంది.

పద్ధతి కొత్తదేమీ కాదు. వంద ఇళ్లు తిరిగి, దోమ పిల్లలు (లార్వా) కనిపించిన పాత్రలెన్నో లెక్కవేసే సూచీని కీటక శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వాడుతున్నారు. ఆ అంకెను ప్రతి శుక్రవారం వార్డు సచివాలయం గోడ మీద అందరికీ కనబడేలా రాయాలని మేము కోరుతున్నాం. పక్క వార్డులో నాలుగు, మన వార్డులో ఇరవై అని చూసిన గృహిణి ఇంటికి వెళ్లి తన డ్రమ్ము మూత తీసి చూస్తుంది, కార్పొరేటరును నిలదీస్తుంది. అంకె పెరిగిన వీధికే సిబ్బందిని ముందుగా పంపవచ్చు, మందు వృథా కాదు.

ఇళ్లు తిరిగే ఆశా కార్యకర్తలకు, మలేరియా విభాగం సిబ్బందికి పక్కనే నిలబడి నేర్పడానికి కీటక శాస్త్రం చదివినవారిని ఏడాది పొడవునా నియమించాలి. ఎండిన గుడ్లు తొట్టి అంచున నిద్రపోయే ఏప్రిల్, మే నెలల్లోనే లెక్క మొదలుకావాలి. వచ్చే వేసవిలో తొలి అంకె సింగ్‌నగర్ గోడ మీద చూడాలని మా కోరిక.