మెకాలే పేరుతో తిరిగే ఆ మాట అబద్ధం

"భారతదేశం నలుమూలలా తిరిగాను. ఒక్క బిచ్చగాడు గానీ, ఒక్క దొంగ గానీ కనిపించలేదు." 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో అక్కడి రాజకీయ నాయకుడు మెకాలే ఇలా అన్నాడంటూ ఒక పోస్టు ఏళ్ల తరబడి వాట్సాప్‌లో తిరుగుతోంది.

ముందు తేదీ సంగతి. ఆ రోజు మెకాలే ఉన్నది కలకత్తాలో. ఎంపీ పదవి వదులుకుని 1834లో ఇక్కడికొచ్చినవాడు 1838లో గానీ వెళ్లలేదు. అదే తేదీతో ఆయన రాసిన విద్యా నివేదిక ఉంది. అందులో ఈ పొగడ్త లేదు. మన సాహిత్యమంతా కలిపినా మంచి యూరోపియన్ గ్రంథాలయంలో ఒక్క షెల్ఫుకు సాటిరాదన్న ఎత్తిపొడుపు మాత్రం ఉంది.

నలుమూలలా ఎక్కడ తిరిగాడు? అప్పటికి చూసింది మద్రాసు, అక్కణ్ణించి ఊటీ దారి, తర్వాత కలకత్తా. దొంగల మాటకొస్తే, 1836లో థగ్గుల మీద, అంటే బాటసారుల్ని చంపి దోచుకునే ముఠాల మీద, చట్టం చేసిన గవర్నర్ జనరల్ కౌన్సిల్లో ఆయనా సభ్యుడే.

ఇక బిచ్చగాళ్లు. కలకత్తాలో దిక్కులేనివాళ్ల కోసం 1830లోనే డిస్ట్రిక్ట్ చారిటబుల్ సొసైటీ పెట్టారు. మద్రాసులో ఇంకా ముందే, హైదర్ అలీ యుద్ధం, కరువు కలిసొచ్చిన 1782లో, ఆకలితో పట్నం చేరిన జనానికి గంజి పోయడానికి మణియకార సత్రం వెలిసింది. ఊళ్లోవాళ్లు దాన్ని కంజితొట్టి అనేవారు. బిచ్చగాళ్లే లేని దేశంలో గంజి ఎవరికి పోసినట్టు?

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది నందన కరువును మరిచిపోవడం. 1832-33లో గుంటూరు సీమలో అయిదు లక్షల జనాభా ఉంటే చనిపోయినవాళ్లు లక్షన్నరకు తక్కువ లేరు. దాన్నే డొక్కల కరువన్నారు. బతికినవాళ్లలో ఎందరో ఊళ్లొదిలి మద్రాసు బాట పట్టారు. చాలామంది దారిలోనే పడిపోయారు, చేరినవాళ్లు వీధుల్లో చెయ్యి చాపారు. మెకాలే మద్రాసులో ఓడ దిగింది 1834 జూన్‌లో, అంటే దాదాపు ఆ మరుసటేడే. ఈ పోస్టు షేర్ చేసే తెలుగువాళ్లు లెక్కలోంచి చెరిపేస్తున్నది ఆ మనుషుల్నే.

అప్పటి పాలకులైన ఈస్టిండియా కంపెనీని వెనకేసుకొస్తున్నాననుకోకండి. అంత కరువు చూశాక కూడా ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టడానికి 1847 దాకా ఆగింది.

"మెకాలే అనకపోతేనేం, కంపెనీ ఏలకముందు పేదలు లేరుగా" అంటారు కొందరు. 17వ శతాబ్దపు కరువుల్లో తిండిలేక అమ్ముడుపోయిన మనుషుల్ని డచ్చివాళ్లు పులికాట్ నుంచి ఓడల్లో బానిసలుగా తీసుకుపోయారు. అప్పటికి ఇంగ్లీషు కంపెనీకి ఈ తీరంలో ఉన్నవి వర్తక స్థావరాలే, రాజ్యం కాదు.