ఇరుకు సందుల్లోకి 30 మందా?
పాత ఊళ్లో గైడు వెంట నడుస్తూ పాత కట్టడాలు చూసే హెరిటేజ్ వాక్‌లో, రెండు గంటల్లో 30 మందికి సందులన్నీ చూపించేయొచ్చని కొందరంటారు. ఆ మాట ఒప్పుకోలేను. 12-15 మంది దాటితే వరుస సాగిపోతుంది. వెనకవాళ్లు వచ్చి చేరేసరికి గైడు చెప్పడం అయిపోయి ముందువాళ్లు కదిలిపోతారు. మైకు పెడితే ఇళ్లవాళ్లకు చిరాకు. సందులోకి దిగకముందే కాస్త వెడల్పైన చోట ఆపి, చెప్పాల్సింది చెప్పేసి, లోపల మాటల్లేకుండా నడిపించాలి. ఆగే చోట్లు 8 చాలు, ఒక్కోచోట 5-6 నిమిషాలు. అందరికన్నా వెనక ఇంకో మనిషి ఉండి తీరాలి, జనం తప్పిపోయేది మలుపుల దగ్గరే. ఇంకోటి, కింది అంతస్తు దుకాణాలుగా మారిపోయినా పైన కిటికీలు, చూరు కింది చెక్కపని చాలాచోట్ల పాతవే మిగిలుంటాయి, తలెత్తి చూడమని చెప్పాలి. గోడ కట్టి మూసేసిన పాత గుమ్మాల ఆనవాళ్లు తెలియాలంటే ఎండ గోడకు పక్కనుంచి రాసుకుంటూ పడే వేళ చూసుకోవాలి. ఎండ నేరుగా గోడ మీద పడితే అంతా చదునుగానే కనిపిస్తుంది.