గేటుకి వేలాడే టులెట్ బోర్డు గారికి

కూకట్‌పల్లిలో ఒకానొక గేటు కమ్మికి బైండింగు వైరుతో వేలాడుతున్న శ్రీ టులెట్ బోర్డు గారికి నమస్కారాలు.

ఉభయకుశలోపరి. మేం కుశలమే గానీ మీ మీదున్న ఫోన్ నంబరు కుశలంగా లేదు. పది అంకెల్లో ఎనిమిదోది 3 అనుకోవాలో 8 అనుకోవాలో మొన్నటి వానకే తెలియాలి. రెండూ కొట్టి చూస్తే ఒకటి కర్రీ పాయింటుకి పోతుంది.

మేమెవరమంటారా? మనవణ్ణి చూసి మూడు రోజుల్లో వెళ్ళిపోతామని చెప్పి, పదిహేను రోజుల మందుబిళ్ళలు సర్దుకొచ్చే జాతి. పైకి చెప్పే పని పిల్లాణ్ణి చూడ్డం. చెప్పని పని, కొడుకు ఫ్లాటుకి దగ్గర్లో రెండు గదుల ఇల్లు వెతుక్కోవడం. చెబితే కొడుకు "మా దగ్గరే ఉండండి నాన్నా" అంటాడు, కోడలు ఏమీ అనదు. ఆ ఏమీ అనకపోవడం అర్థమయ్యే వయసు కాబట్టే మీతో పని పడింది. వియ్యంకులవారు పక్క వీధిలో ఇప్పటికే పాలు పొంగించుకున్నారన్నది వేరే విషయం, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

వెతకడానికి వేళ కూడా పిల్లాడే కుదురుస్తాడు. రెండో నెల పసివాడు రెండు మూడు గంటలకోసారి లేచి పాలు తాగి మళ్ళీ పడుకుంటాడు. వాడు పడుకుంటే ఇంట్లో కుక్కరు కూయకూడదు, తాతగారు దగ్గకూడదు. చేతులు సబ్బుతో కడుక్కుని, ఉంగరాలూ వాచీ తీసి, ముద్దులు పెట్టనని ఒప్పుకుని పది నిమిషాలు ఎత్తుకున్నాక మిగిలే ఉద్యోగం "అలా నడిచి రండి". నడిస్తే కనబడేది మీరే.

మీరు చెప్పేవి మూడే ముక్కలు: టూ బీహెచ్‌కే, ఈస్ట్ ఫేసింగ్, ఓన్లీ ఫ్యామిలీస్. ఈస్టు గుమ్మానికి సరే, పడకగది కిటికీ ఎటు? అది పడమటికుంటే మే నెలలో పొద్దు గుంకేదాకా కాగిన గోడ అర్ధరాత్రి దాకా ఆ వేడిని లోపలికి వదులుతూనే ఉంటుంది. అందుకే ఇల్లు పొద్దున పదింటికి చూడకూడదు. సాయంత్రం ఐదింటికి వెళ్ళి, పడమటి గోడకి లోపలివైపు అరచెయ్యి ఆనించాలి. వాస్తు చూసేవాళ్ళు ఆ ఒక్క పనీ చెయ్యరు.

"24 గంటలూ నీళ్ళు" అని మీ బంధువు ఒకాయన ఎదురు గేటు మీద గొప్పలు పోతున్నాడు. ఏ నీళ్ళండీ? బోరా, కుళాయికొచ్చే మంజీరా నది నీళ్ళా? స్టీలు గిన్నెలో గ్లాసెడు నీళ్ళు మరిగించి ఇంకనిస్తే, బోరు నీళ్ళయితే అడుగున తెల్లటి పొర కడుతుంది. ఆ నీళ్ళకి సబ్బు నురగ రాదు. కందిపప్పు ఐదు కూతలకీ పలుకుగానే ఉంటుంది, కాల్షియం మెగ్నీషియం దాన్ని మెత్తబడనివ్వవు. పప్పు సంగతి ఎలాగో సర్దుకోవచ్చు. రోజుకి పది పదిహేను పొత్తిగుడ్డలు ఉతికే ఇంట్లో అవి ఆరేసరికి అప్పడాల్లా బిరుసెక్కి పిల్లాడి తొడలు ఒరుసుకుపోతాయి. ఎండాకాలం బోరు ఎండితే 5,000 లీటర్ల ట్యాంకరు వస్తుంది. దాని డబ్బు మెయింటెనెన్సులో భాగమా, విడిగా దండుగా? ఇది నోటిమాటగా వదలకూడదు, అగ్రిమెంటులో రాయించుకోవాలి.

దూరం గురించి మీరు "మెట్రోకి దగ్గర" అంటారు. మాకు కావలసింది మెట్రో కాదు, ఉయ్యాల. 6, 10, 14 వారాలకి టీకాలు వేస్తారు, ఆ రాత్రుళ్ళు ఒళ్ళు వెచ్చబడి పిల్లాడు గుక్కపట్టి ఏడిస్తే ఫోను మాకే వస్తుంది. మ్యాపులో 400 మీటర్లుంటుంది గానీ, నడుమ మెట్రో స్తంభాల డివైడరు అడ్డమొస్తే ఆటోలో యూటర్ను దాకా పోయి రావాలి. కాబట్టి రోడ్డుకి అదే పక్క, పెద్దవాళ్ళ నడకన పది నిమిషాలు. అదే అపార్టుమెంటులో కింది ఫ్లాటు మాత్రం వద్దు. అంత దగ్గరైతే మనవడికి వేసిన ప్రతి డైపరూ తీర్పుకొస్తుంది.

ఇక స్నానాల గది. ఇక్కడ మీరు మౌనవ్రతం. పసివాడికి నలుగు పెట్టి నీళ్ళు పోయాలంటే నాన్నమ్మ పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, కాళ్ళ మీద వాణ్ణి పడుకోబెట్టుకోవాలి. వీపు వెనక గోడ నుంచి మడమల దాకా మూడున్నర అడుగులు. కుడిచేతి పక్కన వేడినీళ్ళలో చన్నీళ్ళు కలిపిన బకెట్టు, మోచెయ్యి ముంచి చూసుకునేందుకు అందేటంత దగ్గరగా. ఎడమ పక్క తువ్వాలు పట్టుకు నిలబడే మనిషి. నాలుగడుగుల వెడల్పు బాత్‌రూములో కమోడు, దాని పక్కన గాజు తలుపు బిగించాక ఇందులో సగం కూడా పట్టదు, నాన్నమ్మ కాళ్ళు కమోడు చుట్టూ వంపు తిరగాలి. కొలవడానికి టేపక్కర్లేదు. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆవిణ్ణి అక్కడే కూర్చోబెట్టి కాళ్ళు చాపమంటే తేలిపోతుంది. ఓనరుగారు కంగారుపడతారు, పడనివ్వండి. అక్కడ కుదరకపోతే వాష్ ఏరియా చూడాలి. నీళ్ళు పోవడానికి తూము, గాలి కొట్టకుండా తలుపు ఉంటే అది బాత్‌రూము కన్నా మేలు.

పట్టుకుని లేవడానికి గోడకో స్టీలు కమ్మి బిగిస్తామంటే ఓనరుగారు "టైల్స్‌కి డ్రిల్లు పెట్టొద్దు" అంటారు. ఆయన భయంలో న్యాయముంది, లోపల పైపులుంటాయి. కుళాయికి నిట్టనిలువుగా పైనా కిందా వదిలేసి, ప్లంబరు చూపించిన చోట పెడితే సరిపోతుంది. ఉయ్యాల కొక్కెం ఊసెత్తితే ఫ్యాను కొక్కెం చూపిస్తారు. పాత ఇళ్ళలో దూలానికి ఇనపకొక్కెం వేసేది ఊగే బరువుకి. ఇది ఫ్యాను బరువుకి. ఉయ్యాలకి స్టాండు కొనుక్కోవడమే.

లిఫ్టు ఉందంటారు, కరెంటు పోతే జనరేటరు దానికి కూడానా, మెట్ల మీది బల్బుకేనా అన్నది చెప్పరు. కింద పార్కింగు వదిలేసి లెక్కపెడతారు గనక మీ రెండో అంతస్తు మా మోకాళ్ళకి నిజంగానే రెండంతస్తులు.

అడ్వాన్సు రెండు నెలలు, ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల కోత. అగ్రిమెంటు 11 నెలలకే. మాకూ అదే మంచిది. ఆ 11 నెలలూ ఊళ్ళో ఇల్లు అమ్మకం మాటెత్తం, గ్యాసు కనెక్షనూ వదులుకోం. పిల్లాడు ప్లేస్కూలుకి పోయే రోజున మాతో పనెంత ఉంటుందో చూడాలి.

ఓన్లీ ఫ్యామిలీస్ అన్నారు. ఇద్దరం ముసలివాళ్ళం, ఫ్యామిలీయేనా? ఓనరుగారు ఫోనులో "మీ ఇద్దరేనా? మనవడు రోజూ వస్తాడా? నీళ్ళు బాగా వాడతారా?" అని అడుగుతారు. మొదటిదానికి అవునని, మూడోదానికి లేదని చెప్పడం తేలిక. మధ్యదానికి ఏం చెబితే ఇల్లిస్తారో మీ వెనకవైపు ఖాళీగా ఉంది, రాసిపెట్టండి. ఆ ఎనిమిదో అంకె కూడా దిద్దించుకోండి.

పిల్లాడు లేచే వేళయింది, ఉంటాం.

ఇట్లు,
మార్నింగ్ వాక్ పేరుతో మీ గేటు ముందు మూడుసార్లు తిరిగిన తాతయ్య, నాన్నమ్మ