పేడకు లెక్కుంది, ఎత్తే చేతికి లేదు

సమీకృత వ్యవసాయం అనగానే అందరూ గీసే బొమ్మ ఒకటే. చేను నుంచి చొప్ప కొట్టానికి, కొట్టం నుంచి పేడ చేనుకు, నడుమ రెండు బాణాలు. ఆ బాణాలు వాటంతటవే కదలవు. చొప్ప మోసేదీ, పేడ ఎత్తేదీ, నత్రజని ఎండకు ఎగిరిపోకుండా దాన్ని నీడన కుప్ప వేసేదీ చాలాచోట్ల ఆడవాళ్లే. ఐక్యరాజ్య సమితి 2026ను మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది, మంచిదే. కానీ ‘భాగస్వామ్యం పెంచాలి’ అన్న మాట వింటే మాత్రం నాకు చిరాకు. ఇంకా ఎంత పెంచుతారు?

తెల్లవారుజామున కొట్టంలోకి తొంగిచూడండి. పేడ పలచబడిందా, నెమరు ఆగిందా, పొదుగు ఒక పక్క గట్టిపడిందా అన్నది పాలు పితికే చేతికే ముందు తెలుస్తుంది. పశువు ఎదకు రావడమూ అంతే. చూడి కట్టించడానికి గంటల్లో దాటిపోయే ఆ అదను తప్పితే మళ్లీ దాదాపు 21 రోజులు ఆగాలి, అన్నాళ్ల మేత దండగ. ఇది కనిపెట్టే మనిషికి శిక్షణ పిలుపు రాదు. భూమి ఎవరి పేరున ఉంటే వారికి వెళ్తుంది. ఆయన విని వచ్చి ఆమెకు చెప్పాలి, గుర్తుంటే. ఆమెనే పిలిచినా, పెట్టేది సరిగ్గా పాలు పితికే వేళ.

ఒకే విస్తీర్ణమున్న పొలాలను పోల్చినా మగవాళ్లు నడిపేవాటికంటే మహిళలు నడిపేవాటి ఉత్పాదకత 24 శాతం తక్కువని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2023 నివేదిక చెప్పింది. దీన్ని చేతకానితనంగా చదివేవాళ్లున్నారు. అప్పు, పనిముట్లు, సలహా అందనివారి దిగుబడి ఇంకెలా ఉంటుంది? కూలికి వెళ్తే మగవాడి డాలరుకు ఆమెకు 82 సెంట్లయినా వస్తాయి. సొంత కొట్టంలో అదీ లేదు.

కోళ్లు, మేకలు ఆమె చేతిలో ఉంటాయి. అవి పట్టా అడగవు, అవసరానికి అమ్ముకోవచ్చు. మంద పెరిగి, డబ్బు ఖాతాలో పడటం మొదలయ్యాక పెత్తనం మెల్లగా చేతులు మారుతుంది. పని మారదు.

2012లో వచ్చిన ‘వ్యవసాయంలో మహిళా సాధికారత సూచీ’ ఆస్తి, ఆదాయంతోపాటు సమయాన్నీ కొలిచింది. రోజుకు 10.5 గంటలు మించిన పనిని లోటుగానే లెక్కగట్టింది. నాకు నచ్చిన కొలత ఇదే. మరో రెండు గేదెలు, ఒక వానపాముల ఎరువు తొట్టి మంజూరు చేసేముందు, ఆ పని ఎవరి రోజులో ఏ గంటకు పడుతుందో రాయాలి. అంతకంటే ముందు కొట్టం దాకా నీటి గొట్టం వేయొచ్చు. దానివల్ల రోజుకు ఎన్ని బిందెల మోత తప్పుతుందో ఆమెను అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతుంది.