దిగులుగా ఉందంటే ఈసీజీ తీస్తారా?

"ఇరానీలు సైకాలజిస్టు దగ్గరికి రారండీ, పరువు పట్టింపు ఎక్కువ." లాస్ ఏంజెలెస్‌లో అరిగిపోయిన మాట ఇది. పట్టింపు ఉంది, కాదనను. ‘ఆబెరూ’ అంటారు, ఇంటిల్లిపాది పరువు. కానీ గడప దాకా వచ్చినవాళ్లని వెనక్కి పంపుతున్నది మాత్రం క్లినిక్కులే. అక్కడి ఆసుపత్రుల్లో మనవాళ్లూ పనిచేస్తున్నారు కాబట్టి రాస్తున్నా.

ఫార్సీ ‘దెల్’ అంటే మన హైదరాబాదీ ‘దిల్’. ‘దెలమ్ గెరెఫ్తే’ అంటే మనసంతా దిగులుగా ఉందని. దుబాసీ మాటకి మాట మార్చి "గుండె పట్టేసింది" అన్నాడా, ఇక ఈసీజీ, రక్తపరీక్ష, "అంతా నార్మల్". పైగా తారోఫ్ అనే మర్యాద ఒకటి. ఎలా ఉన్నారంటే "ఖూబమ్", బాగున్నానని అంటారు. అది విని ఫైలు మూసేస్తారు.

అన్నిటికన్నా ఘోరం, కన్నపిల్లల్ని దుబాసీలుగా కూర్చోబెట్టడం. డిప్రెషన్ చూసే పీహెచ్‌క్యూ-9 ఫారంలో 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 10 వచ్చిందంటే వదలకూడదు. తొమ్మిదోది, చచ్చిపోతే బాగుండనిపిస్తోందా అని. పదిహేనేళ్ల పిల్లాడు అమ్మని ఆ మాట అడగలేడు. "అలసటగా ఉందా అంటున్నారు" అని మార్చేస్తాడు. ఆవిడ తల అడ్డంగా ఊపుతుంది. సున్నా పడుతుంది. అమెరికా కేంద్ర (ఫెడరల్) ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రి అర్హత ఉన్న దుబాసీని ఉచితంగా ఇవ్వాలి, అత్యవసరమైతే తప్ప మైనర్లతో ఆ పని చేయించకూడదు. చట్టమే ఉంది.

అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే "ఫార్సీ దుబాసీ, ఫోన్లో, వేరే ఊరి మనిషి" అని రాసుకోండి. ఇరానీలు ఎక్కువగా ఉండే వెస్ట్‌వుడ్‌లో ఎవరు ఎవరికి చుట్టమో చెప్పలేం. దరీ (అఫ్గానిస్తాన్ ఫార్సీ) మాట్లాడే అఫ్గానీ దొరికితే భాష అందుతుంది గానీ, మనసు మాటల దగ్గర తేడా పడొచ్చు. ఫారం ఫార్సీలోదే ఇవ్వండి, భర్తని బయట కూర్చోబెట్టండి.

ఇక మందులు. ‘ఘోర్సె ఆసాబ్’, అంటే నరాల బిళ్ల అనగానే అలవాటైపోతుందని హడలు. డిప్రెషన్‌కి ఎక్కువగా ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐల గుణం తెలియడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, వికారం మాత్రం మొదటి వారమే మొదలు. అందుకే మధ్యలో మానేస్తారు. అలవాటు పడేవి ఆందోళనకి ఇచ్చే ఆల్ప్రజోలం లాంటివి, అవి వేరు. ఏదైనా సరే, సొంతంగా ఒక్కసారే ఆపకూడదు. ఇది మొదటి రోజే చెప్పాలి.

పోస్టు సంగతి ఎవరికీ గుర్తురాదు. భార్య తన భర్త ఇన్సూరెన్స్ మీద వెళ్తే, ఏ వైద్యానికి ఎంత చెల్లించారో చూపే కాగితం ఇంటికే రావచ్చు. డాక్టరు గుట్టు దాచినా కవరు దాచదు. మొదటి సిట్టింగుకి ముందే ఆవిడ చేత కంపెనీకి ‘కాన్ఫిడెన్షియల్ కమ్యూనికేషన్’ అర్జీ పెట్టించండి, కాగితాలు తను చెప్పిన చోటికే వచ్చేలా.