షోరూమ్‌లో మురిపించేవి, ఏడాది తర్వాత మెచ్చుకునేవి

కొత్త కారు చూడ్డానికి వెళ్లినవాళ్ల కళ్లు ముందు సన్‌రూఫ్ మీద పడతాయి. తర్వాత డాష్‌బోర్డు మీదున్న పెద్ద స్క్రీన్, ఆ తర్వాత తలుపుల అంచున వెలిగే రంగు లైట్లు. షోరూమ్ వాళ్లు చూపించేవీ అవే. ఏడాది వాడాక అదే యజమానిని ‘తర్వాతి కారులో ఏది లేకపోతే ఒప్పుకోరు?’ అని అడిగి చూడండి. ఆటో హోల్డ్, వెనక సీటుకు ఏసీ, రివర్స్ కెమెరా, ఎత్తు మార్చుకునే డ్రైవర్ సీటు లాంటి పేర్లు వినిపిస్తాయి. బ్రోచర్ చివరి పేజీలో, చిన్న అక్షరాల పట్టికలో ఉండేవి.

కొనేవాళ్ల తప్పేమీ లేదు. టెస్ట్ డ్రైవ్ జరిగే తీరే అలాంటిది. ముందే ఏసీ వేసి చల్లబరిచిన బండి, షోరూమ్ వెనకున్న ఖాళీ రోడ్డు, పావుగంట సమయం, పక్క సీట్లో ఆపకుండా మాట్లాడే మనిషి. ఎండలో మూడు గంటలు మాడిన కారులో కూర్చోవడం, ఫ్లైఓవర్ ఎక్కుతూ బస్సు వెనక ఆగడం, వానలో అద్దం మసకబారడం ఆ పావుగంటలో ఎదురుకావు. రోజూ పదిసార్లు పడే చిన్న బాధను తీసేసే సదుపాయం పట్టించుకునేలోపే బుకింగ్ అయిపోతుంది.

ఆటో హోల్డ్ సంగతే తీసుకుందాం. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న ఆటోమేటిక్ కార్లలో ఇది వస్తుంది. బ్రేకు తొక్కి బండి పూర్తిగా ఆపితే మీటర్లో ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది. ఇక కాలు తీసేయొచ్చు, బండి కదలదు. యాక్సిలరేటర్ తాకితే బ్రేకు దానంతటదే వదులుతుంది. పంజాగుట్ట దగ్గరో, విజయవాడ బెంజి సర్కిల్‌లోనో సిగ్నల్ పడినప్పుడల్లా కుడికాలును బ్రేకు మీద బిగించి కూర్చోవడం ఎంత శ్రమో అది తప్పాకే తెలుస్తుంది. అయితే దీనికి విడిగా స్విచ్ ఉంటుంది, దాన్ని నొక్కితేనే పనిచేస్తుంది. కొన్ని మోడళ్లలో ఇంజిన్ ఆపినప్పుడల్లా మళ్లీ నొక్కాలి. సీటు బెల్టు పెట్టుకోకపోయినా, తలుపు సరిగ్గా పడకపోయినా చాలా కార్లలో ఆన్ కాదు. ‘మా బండిలో పనిచేయట్లేదు’ అని సర్వీస్ సెంటర్‌కు వచ్చే ఫిర్యాదుల వెనక ఎక్కువగా ఉండేది ఇదే. ఇరుకు సెల్లార్‌లో అంగుళం అంగుళం జరుపుతూ పార్క్ చేసేటప్పుడు మాత్రం ఆఫ్ చేయాలి. లేకపోతే ప్రతి జరుపుకీ బ్రేకు పట్టి వదిలి కుదుపుతుంది.

ఎలక్ట్రానిక్ బ్రేకుతో చిక్కు కూడా ఒకటుంది. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే బ్రేకు వదలదు, వెనక చక్రాలు బిగుసుకుపోయి ఉంటాయి. ముందు జంప్ స్టార్ట్ చేసి కరెంటు ఇచ్చాకే బండిని కదపాలి. చేతి లివర్ అలవాటైన మెకానిక్ తొందరపడి తాడు కట్టి లాగితే వెనక టైర్లు, బ్రేకు ప్యాడ్లు పాడవుతాయి.

మాన్యువల్ గేరు కార్లలో ఇలాంటి మేలు చేసేది హిల్ హోల్డ్. దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఎత్తు మీద బ్రేకు వదిలాక చాలా మోడళ్లలో ఇది బండిని పట్టి ఉంచేది సుమారు రెండు సెకన్లే. కాలు బ్రేకు మీంచి యాక్సిలరేటర్ మీదకు మారడానికి ఆ వ్యవధి సరిపోతుంది, అంతకుమించి ఆలస్యమైతే బండి వెనక్కి జారుతుంది. ఇక తిరుమల నుంచి దిగేటప్పుడు హిల్ హోల్డ్‌తో పనేమీ లేదు. అక్కడ కావాల్సింది తక్కువ గేరు. మాన్యువల్ అయితే రెండో గేరు. ఆటోమేటిక్ రకాల్లో సీవీటీ అయితే ‘ఎల్’ స్థానం, ఏఎంటీ అయితే మాన్యువల్ మోడ్‌లో రెండు. ‘డి’ (డ్రైవ్) స్థానంలోనే వదిలేసి మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ దిగితే సగం దారిలో కాలిన వాసన వస్తుంది. ప్యాడ్లు వేడెక్కి బ్రేకు పట్టు తగ్గుతోందని దానర్థం.

మన ఎండలకు ఏసీ గురించి ఇంకాస్త ఎక్కువ చెప్పుకోవాలి. వెనక ఏసీ ఉందని బ్రోచర్‌లో రాసి ఉన్నా అన్ని కార్లలోనూ అది ఒకేలా ఉండదు. చాలా చిన్న కార్లలో ముందు ఏసీ చల్లదనాన్నే సీట్ల మధ్యలోంచి గొట్టం ద్వారా వెనక్కి పంపుతారు. కొన్నింటిలో ఆ గొట్టం కూడా ఉండదు, చిన్న ఫ్యాన్ మాత్రమే ఉంటుంది, అది క్యాబిన్‌లో ఉన్న గాలినే తిప్పుతుంది. తేడా తెలియాలంటే మిట్టమధ్యాహ్నం వెళ్లి, బయట ఎండలో నిలబెట్టిన కారే కావాలని అడిగి, వెనక సీట్లో కూర్చోండి. ముందు ఫ్యాన్‌ను రెండో అంకె మీద పెట్టించి వెనక గాలికి చెయ్యి అడ్డుపెడితే సంగతి తేలిపోతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో పెద్దవాళ్లను వెనక కూర్చోబెట్టుకుని తిరిగే ఇంటికి ఈ ఒక్క పరీక్ష పది కెమెరాల కంటే ముఖ్యం.

వెంటిలేటెడ్ సీట్లు కొన్నవాళ్లలో వాటిని తిట్టేవాళ్లు తక్కువే. సీటు తోలుకు సన్నటి రంధ్రాలుంటాయి, కింద చిన్న ఫ్యాన్ ఉంటుంది. అది ఏసీలా చల్లదనాన్ని పుట్టించదు. క్యాబిన్ గాలిని వీపు దగ్గర ఆడిస్తుంది, అంతే. కాబట్టి క్యాబిన్ చల్లబడిన తర్వాతే సుఖం తెలుస్తుంది. విచిత్రమేమిటంటే, దీనికోసం అదనంగా డబ్బు కట్టినవాళ్లే డెలివరీ రోజున యాక్సెసరీస్ కౌంటర్లో మందపాటి సీటు కవర్లు వేయించుకుంటారు. రంధ్రాలన్నీ మూసుకుపోతాయి. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. సైడ్ ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది చాలా కార్లలో సీటు బయటి అంచు కుట్టు దగ్గరే. అక్కడ మామూలు కవర్ బిగిస్తే ఎయిర్‌బ్యాగ్‌కు దారి ఉండదు. ఆరు ఎయిర్‌బ్యాగ్‌ల బండి కొని రెండింటిని మనమే కట్టేసుకోవడం ఇది.

సన్‌రూఫ్‌ను పూర్తిగా కొట్టిపారేయలేం. ఎండలో నిలిపిన కారులో వేడిగాలి పైకి చేరుతుంది కనుక, అద్దాన్ని కాస్త వంచి రెండు నిమిషాలు నడిపితే అది త్వరగా బయటికి పోతుంది. కానీ ఏప్రిల్, మే నెలల్లో దాని తెర మూసే ఉంటుంది. దానికి కావాల్సిన నిర్వహణ గురించి షోరూమ్‌లో ఎవరూ నోరెత్తరు. సన్‌రూఫ్ చుట్టూ ఉండే గాడిలో నీరు చేరడం సహజమే. ఆ నీరు మూలల్లో ఉన్న సన్నటి గొట్టాల గుండా కిందకు పోవాలి. వేపచెట్టు కింద పార్క్ చేసే బండి అయితే ఆకులు, పూత, దుమ్ము చేరి గొట్టం పూడుకుపోతుంది. అప్పుడు నీరు ముందు స్తంభం లోపలి నుంచి దిగి కాళ్ల దగ్గర కార్పెట్‌ను తడుపుతుంది. యజమాని సన్‌రూఫ్ రబ్బరు పోయిందనుకుంటాడు. జూన్‌కు ముందు ఒకసారి గాడిని తడిగుడ్డతో తుడిచి, ఒక్కో మూలలో గ్లాసుడు నీళ్లు నెమ్మదిగా పోసి, అవి బండి కిందకు కారుతున్నాయో లేదో చూస్తే చాలు. కారకపోతే గట్టి తీగ దూర్చకూడదు, ఎయిర్ గన్‌తో ఊదకూడదు. లోపల గొట్టం ఊడిపోతే పైకప్పు లైనింగ్ మొత్తం విప్పాల్సి వస్తుంది.

వానాకాలం రాగానే విలువ తెలిసేవి అద్దం మసకను పోగొట్టే డీఫాగర్, వెనక వైపర్. అద్దం మసకబారినప్పుడు ముందు తేల్చుకోవాల్సింది మసక ఏ వైపు ఉందన్నది. లోపలి నుంచి వేలితో గీస్తే గీత పడిందంటే తేమ లోపలే ఉంది. అప్పుడు ఏసీ ఆన్‌లోనే ఉంచి, బయటి గాలి లోపలికి వచ్చేలా మార్చి, గాలిని అద్దం మీదకు తిప్పాలి. గీత పడకపోతే మసక బయట ఉన్నట్టు. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో తెల్లవారుజామున ఇది మామూలే. ఏసీ వల్ల అద్దం చల్లబడి బయటి తేమ దాని మీద పేరుకుంటుంది. ఇక్కడ చల్లగాలిని అద్దం మీదకు తిప్పితే పరిస్థితి ఇంకా ముదురుతుంది. ఉష్ణోగ్రతను 25, 26కి పెంచి, గాలిని అద్దం మీంచి మళ్లించి, వైపర్ ఒకసారి వేస్తే పోతుంది. వెనక వైపర్ అలంకారం అనుకునేవాళ్లున్నారు. సెడాన్‌కు అవసరం తక్కువే. నిటారుగా తెగిపోయే వెనక భాగమున్న హ్యాచ్‌బ్యాక్, ఎస్‌యూవీలు పోతున్నప్పుడు వెనక గాలి సుడి తిరిగి బురదను అద్దం మీదకు లాగుతుంది. నల్గొండ నుంచి హైదరాబాద్ చేరేసరికి వెనకేమీ కనిపించదు.

టైరు ప్రెషర్ చూపే టీపీఎంఎస్‌లో రెండు రకాలున్నాయి. ఏది కొంటున్నామో అడిగేవాళ్లు అరుదు. ఒకటి చక్రం లోపలి సెన్సర్‌తో నాలుగు టైర్ల అంకెలను విడివిడిగా చూపిస్తుంది. టైరు మార్చేటప్పుడు షాపువాడికి చెప్పకపోతే ఆ సెన్సర్ విరిగిపోవచ్చు. రెండోది ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) సెన్సర్ల సాయంతో ఏ చక్రం వేగంగా తిరుగుతోందో చూసి ఊహిస్తుంది. దీనికి గాలి కొట్టించిన ప్రతిసారీ స్క్రీన్‌లో రీసెట్ నొక్కాలి. నాలుగు టైర్లలో గాలి సమంగా తగ్గితే ఇది సరిగా పట్టుకోలేదు. ఏ రకమైనా సరే, గాలి చూసుకోవాల్సింది ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే సుమారు రెండు పీఎస్‌ఐ పెరుగుతుంది. మధ్యాహ్నం హైవే దిగి చూసి ‘ఎక్కువైంది’ అని గాలి తీయిస్తే మర్నాడు పొద్దున తక్కువే ఉంటుంది. సరైన అంకె డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది.

కెమెరా, సెన్సర్ల సాయంతో డ్రైవర్‌కు తోడ్పడే ఆడాస్ గురించి యజమానుల అభిప్రాయం రోడ్డును బట్టి మారుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) 158 కిలోమీటర్ల రోడ్డు, గీతలు స్పష్టంగా ఉంటాయి, అడ్డంగా వచ్చేవాళ్లు ఉండరు. అక్కడ ముందు బండికి తగ్గట్టు వేగాన్ని సర్దుకునే అడాప్టివ్ క్రూజ్ నిజంగా హాయి. అదే బండి నగరంలోకి దిగితే ముందు వదిలిన ఖాళీలోకి ఆటో దూరుతుంది, రాంగ్ రూట్‌లో బైకు వస్తుంది, బీప్‌లు మొదలవుతాయి. గుంత తప్పించడానికి ఇండికేటర్ లేకుండా స్టీరింగ్ తిప్పితే, బండిని గీతల మధ్యే ఉంచే లేన్ అసిస్ట్ వెనక్కి లాగుతుంది. అందుకే లేన్ అసిస్ట్‌ను శాశ్వతంగా ఆపేసి, బ్లైండ్ స్పాట్ హెచ్చరికను, రివర్స్‌లో పక్క నుంచి వచ్చే బండ్లను చెప్పే హెచ్చరికను మాత్రం ఉంచుకునేవాళ్లు చాలామంది. అది సబబే. ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్‌ను మాత్రం ఆపకూడదు.

ఆడాస్ కెమెరా ముందు అద్దం మధ్యలో, రియర్ వ్యూ అద్దం వెనక ఉంటుంది. ఫాస్టాగ్ అంటించే చోటూ దాదాపు అదే. స్టిక్కర్ కెమెరాకు, వాన సెన్సర్‌కు అడ్డు రాకుండా కాస్త జరిపి అంటించాలి. రాయి తగిలి ముందు అద్దం మార్చాల్సి వస్తే కెమెరా గురిని మళ్లీ సరిచేయించాలి (క్యాలిబ్రేషన్), లేకపోతే దూరం అంచనా తప్పుతుంది. ఇన్సూరెన్స్‌లో అద్దానికి, పాతబడిందని విలువ తగ్గించే తరుగు కోత ఉండదు. క్యాలిబ్రేషన్ ఖర్చు ఎవరిదో మాత్రం ఎస్టిమేట్‌లో ముందే రాయించుకోవాలి.

స్క్రీన్ ఎంత పెద్దదైనా ఏసీ, వాల్యూమ్‌లకు విడి బటన్లు ఉన్న కారే నయం. ఐరోపా భద్రతా పరీక్షల సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, అత్యవసర కాల్‌కు విడి మీటలు ఉంటేనే పూర్తి మార్కులిచ్చేలా నిబంధన మార్చింది. మన దగ్గర ఇంకా అంగుళాల పోటీయే నడుస్తోంది.

పుష్ బటన్ కీ బ్యాటరీ అయిపోతే బండి ఆగిపోయిందని కంగారు పడనక్కర్లేదు. కీ లోపల దాగిన లోహపు తాళంతో తలుపు తీసి, కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే చాలా మోడళ్లలో ఇంజిన్ అందుకుంటుంది. చాలా కీలలో ఉండేది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ, ఏ వాచీల దుకాణంలోనైనా దొరుకుతుంది. డెలివరీ రోజు కొబ్బరికాయ, నిమ్మకాయలు, ఫొటోల హడావుడిలో ఈ రెండు నిమిషాల పాఠం ఎగిరిపోతుంది.

ఇక వేరియంట్ ఎంపిక. ఏబీఎస్, రివర్స్ సెన్సర్లు, 80 దాటితే మోగే స్పీడ్ అలర్ట్ 2019 నుంచి చట్టం ప్రకారం ఉండాల్సినవే. వాటిని గొప్ప ఫీచర్ల జాబితాలో చదివి వినిపిస్తే నవ్వుకుని ముందుకు పోవచ్చు. చూడాల్సింది ఏవి తర్వాత బయట బిగించలేమన్నది. ఎయిర్‌బ్యాగ్‌లు, బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌సీ, ఆటో హోల్డ్, సీటు ఎత్తు సర్దుబాటు, ముందుకు వెనక్కి జరిగే స్టీరింగ్, వెనక ఏసీ, పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఫ్యాక్టరీలో రాకపోతే ఇక రావు. స్క్రీన్, రివర్స్ కెమెరా, అలాయ్ చక్రాలు, డాష్‌క్యామ్ ఎప్పుడైనా పెట్టించుకోవచ్చు. మొదటి జాబితా మధ్య వేరియంట్‌లోనే పూర్తయ్యే కార్లు చాలా ఉన్నాయి. టాప్‌కు వెళ్లే అదనపు లక్ష, లక్షన్నరలో ఎక్కువ భాగం రెండో జాబితాకే పోతుంది. పైగా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ధర 10 లక్షలు దాటితే లైఫ్ ట్యాక్స్ శ్లాబు మారుతుంది. గీతకు కాస్త ఇటు ఉన్న వేరియంట్, కాస్త అటు ఉన్న వేరియంట్ మధ్య తేడాను ఎక్స్ షోరూమ్ ధరలో కాక ఆన్ రోడ్ ధరలో లెక్కగట్టించండి.

బయట కెమెరానో స్క్రీనో పెట్టించేటప్పుడు కంపెనీ వైరు కోసి టేపు చుట్టనివ్వకూడదు. ఆ సర్క్యూట్‌లో ఏ లోపం వచ్చినా వారంటీ వర్తించదని తేల్చేయడానికి ఆ టేపే సాకవుతుంది. మీ మోడల్‌కు సరిపోయే, వైరు కోయకుండా బిగించే కప్లర్ ఉన్న కిట్ అడగండి. ‘వైర్ కటింగ్ లేదు’ అని బిల్లు మీద రాయించుకుని, షాపు స్టాంపు వేయించుకోండి.