మెకానికల్ "ఫీల్" అంట!

రెండున్నర వేల లోపు ఒక మెకానికల్ కీబోర్డు కొందామంటే బెజవాడలో ప్రాణం తోడేస్తున్నారండీ. బందరు రోడ్డు ఎండలో షాపు షాపూ తిరిగితే ఒకటే పాట: "మెకానికల్ ఫీల్ ఉంటుంది సార్, తీసుకోండి." ఫీల్ ఏంటండీ? కీ ఊడదీసి చూస్తే కింద రబ్బరు గుబ్బ! అది మామూలు మెంబ్రేన్ కీబోర్డే. రంగురంగుల లైట్లు పెడితే మెకానికల్ అయిపోద్దా? ఒక్కో కీకి విడిగా స్విచ్చు ఉండాలి కదా.

నిజమైనది దొరికినా గొడవ తీరదు. చవక వాటిలో ఎక్కువ కనబడేది బ్లూ స్విచ్చే. రాత్రిపూట ఆ టకటకలకి ఇంట్లోవాళ్లు తంతారు. అంత టకటకలాడనిది రెడ్ స్విచ్చు. రెడ్ ఉందా అంటే, "బ్లాక్ ఒక్కటే ఉంది సార్" అంటాడు. నేనడిగింది స్విచ్చు సంగతి మహాప్రభో! డబ్బా మీద హాట్ స్వాప్ అని, అంటే స్విచ్చులు పీకి వేరేవి పెట్టుకోవచ్చని ఉంటుంది, కొన్నిటికేమో సన్న కాళ్ల ఔటెము కంపెనీ స్విచ్చులు తప్ప వేరేవి దిగవు. ఆ ముక్క మాత్రం ఎక్కడా రాయరు.

ఒక్కసారి నొక్కి చూస్తానంటే "సీలు తీస్తే కొన్నట్టే" అంట. చెప్పులైనా వేసి చూసుకునే కదా కొంటాం! లైట్లు ఎన్ని రకాలుగా వెలుగుతాయో మాత్రం ఫోన్‌లో వీడియో పెట్టి మరీ చూపిస్తాడు.